ఎలుక కొరికిన కర్ర

వ్యాపారం మొదలుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: గోల్ఫు మైదానం గేటుకు ఎదురుగా ఒక కొట్టు, దాని వెనక కిటికీ లేని ఒక గది, పైన రెండు చిన్న గదులు, ఒక భార్య, భార్యతో పాటు వచ్చిన ఒక కుట్టుమిషను, మిషనుతో పాటు వచ్చిన మా అత్తగారు. వీటిలో ఏది ఆస్తి, ఏది బరువు అని అప్పట్లో ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. చెప్పినవాటిలో సగం తప్పయ్యేవి.

కొట్టులో బంతులు, చేతి తొడుగులు, టోపీలు, గొడుగులు అమ్ముతాను. కర్రలకు పిడులు మారుస్తాను. ఆడేవాళ్ళు వాటిని క్లబ్బులంటారు. మా ఇంట్లో మాత్రం అవి కర్రలే. "అంత పోసి కొన్నవాటిని కర్రలంటే వాళ్ళు మనసు కష్టపెట్టుకుంటారు" అని ఒకసారి నేనంటే, "కర్రను కర్ర అనక కమలాపండు అంటారటే" అన్నారు మా అత్తగారు. నాతో కాదు, మా ఆవిడతో.

ఆవిడ నాతో మాట్లాడరు. దానికో కారణం ఉంది, అది నా నోటి పుణ్యమే. పెళ్ళి మాటలకు వెళ్ళిన రోజున ఆవిడ నన్ను కూర్చోబెట్టి, "నీకు ఏమేం ఉన్నాయి నాయనా?" అని అడిగారు. నేను వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చాను. కొట్టు ఒకటి. వెనక గదితో రెండు. పైన గదులతో నాలుగు. బొటనవేలు మిగిలింది. దాన్ని కూడా మడవబోతూ, "మీ అమ్మాయిని ఐదు అనుకోవచ్చా?" అన్నాను. బేరం దగ్గర అవతలివాళ్ళను నవ్వించడం నాకు అలవాటు. ఆవిడ నవ్వలేదు. "గదుల తర్వాతా నా కూతురు?" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. మా ఆవిడ మాత్రం తలుపు చాటున నవ్వింది, అందుకే పెళ్ళయింది. కానీ "నాయనా" అన్న ఆ రోజు తర్వాత పదకొండేళ్ళు మా అత్తగారి నోట నాకంటూ ఒక్క మాట రాలేదు.

"ఏమే, మీ ఆయన అన్నానికి లేస్తాడేమో కనుక్కో" అంటారు, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే.

"లేస్తున్నానని చెప్పు" అంటాను.

మా ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఆవిడ అన్నారు, మీరు విన్నారు. ఇక లేవండి" అంటుంది.

ఇంటి సంగతి అలా ఉంటే, వ్యాపారం సంగతి మరోలా ఉండేది. చలికాలం నాలుగు నెలలు మైదానం మూసేస్తారు. గడ్డి మీద మంచు పడితే బంతి కనపడదు, మనిషి కనపడడు, నా కొట్టుకు వచ్చేవాడు అసలే కనపడడు. ఏడాదిలో మూడో వంతు ఈగలు తోలుకుంటూ కూర్చునే వ్యాపారం ఏం వ్యాపారం? ఆ చలికి తోలుకోవడానికి ఈగలు కూడా ఉండవు.

దారి చూపించింది పళ్ళ డాక్టరుగారు. పక్క వీధిలోనే ఆయన ఆసుపత్రి. ఒక ఏడు చలికాలమంతా కర్రల సంచిని కారు డిక్కీలో వదిలేశారు. మైదానం తెరిచిన మొదటి రోజు, పదిమంది చూస్తుండగా పెద్ద కర్ర ఎత్తి బలం కొద్దీ ఒకటి కొట్టారు. బంతి ఉన్నచోటే ఉంది. కర్ర తల ఊడి, బంతి పోవాల్సినంత దూరమూ అదే పోయింది. ఊడిన తలను జేబులో వేసుకుని నా దగ్గరికి వచ్చారు.

"నా చేతిలో చాలా ఊడాయి గానీ, ఇంత సులువుగా ఏదీ ఊడలేదయ్యా."

విప్పి చూపించాను. తలను కాడకు పట్టి ఉంచేది ఒక బంక. అది చలికి బిగుసుకుంటుంది. మధ్యాహ్నం ఎండకు డిక్కీ కాగితే సడలుతుంది. నాలుగు నెలలు అలా బిగుసుకుంటూ సడలుతూ ఆఖరికి పట్టు వదిలేసింది. పిడి మీది రబ్బరు చలికాలపు మడమలా పగిలింది. తడి సంచిలోనే ఉంచేయడం వల్ల ఇనుప తలల మీద తుప్పు లేచింది.

"మరి ఎక్కడ పెట్టమంటావు? ఇంట్లో హీటరు పక్కన?"

"అది ఇంకా చేటు. బంక మెత్తబడుతుంది."

"కారు షెడ్డులో?"

"అక్కడ చెమ్మ."

"మా ఆవిడ మంచం కింద?"

"మీ ఆవిడ ఊరుకుంటే బ్రహ్మాండంగా ఉంటాయి."

"ఊరుకోదు. నువ్వే పెట్టుకో" అని విసుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆయన విసుగు నాకు వ్యాపారమైంది.

కిటికీ లేదని ఎవరూ అద్దెకు తీసుకోని ఆ వెనక గదికి ఉన్న గుణం అప్పుడు తెలిసింది. ఎండ రాదు, గాలి రాదు, అంటే మార్పు రాదు. కర్రకు కావలసింది వెచ్చదనం కాదు, నిలకడ. నేల మీద చెక్కలు పరిపించాను. గోడల పొడవునా కొయ్య గూళ్ళు కట్టించాను. ఒక మంచి హీటరు కొని, మనిషి స్వెట్టరు వేసుకుని కూర్చుంటే హాయిగా ఉండేంత వేడి దగ్గర దాన్ని ఆపాను. గోడకు చెమ్మ చూపించే ముల్లు ఒకటి తగిలించాను. ముల్లు పచ్చగీత దాటకూడదు. వచ్చిన కర్రలను సంచిలోంచి తీసి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇనుము మీద నూనె చుక్క రాసి, తల పైకి ఉండేలా నిలబెడతాను. ప్రతి మనిషికీ ఒకటే మాట చెప్తాను: ఇచ్చినట్టే తిరిగిస్తాను.

తలలు ఒకదానికొకటి తగిలి గీతలు పడకుండా నూలుగుడ్డ టోపీలు ఉంటే బాగుంటుందని మా ఆవిడతో అన్నాను. వారం తిరిగేసరికి మా అత్తగారి మిషను మీద టోపీలు తయారయ్యాయి. ఆవిడ నలభై ఏళ్ళు కుట్టుపని చేసి ఇద్దరు కూతుళ్ళను పెంచిన మనిషి. ఒక్కో సెట్టుకు ఒక్కో రంగు గుడ్డ. పళ్ళ డాక్టరుగారి సెట్టుకు మాత్రం తెల్ల టోపీలు కుట్టి, అడుగు అంచున ఎర్రదారం తిప్పారు.

"ఈ ఎరుపేమిటమ్మా?" అని మా ఆవిడ అడిగింది.

"చిగుళ్ళు" అన్నారు.

నాకు నవ్వాగలేదు. నేను నవ్వడం చూసి ఆవిడ మొహం అటు తిప్పుకున్నారు. ఆ తిప్పుకోవడంలో కొంచెం ఆలస్యం ఉంది. వ్యాపారికి అలాంటివి కనపడతాయి.

ఆరో చలికాలానికి గదిలో ముప్పై ఎనిమిది సెట్లు చేరాయి. ఐదువందల కర్రలు దాటాయి. మైదానానికి వచ్చేవాళ్ళలో పేరున్న ఆటగాళ్ళందరి సామానూ నా గూళ్ళలోనే ఉంది. అదే ఏడు మా మరదలికి పురుడు వచ్చింది. అత్తగారు వెళ్ళాల్సింది. ఆవిడకు దగ్గు పట్టుకుని ప్రయాణం కూడదన్నారు. మా ఆవిడ వెళ్ళింది.

బస్సు ఎక్కుతూ అంది: "ఇరవై రోజులు. నోరు వాడితే అరిగిపోదు. ఫోన్లో మాత్రం నన్ను మధ్యలో పెట్టకండి, ముందే చెప్తున్నా."

మొదటి మూడు రోజులు మా ఇల్లు పరీక్ష హాలులా ఉంది. ఆవిడ వడ్డించి పక్కకు వెళ్ళేవారు, నేను తిని కంచం కడిగేవాణ్ణి. అన్నంలో ఉప్పు లేకపోయినా చెప్పే దారి లేదు. నాలుగో రోజు ఉదయం నేను గదిలో కర్రలు తుడుస్తున్నాను. ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నన్ను కాకుండా గూళ్ళవైపు చూస్తూ అన్నారు:

"కర్రలూ, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నా చెయ్యి ఖాళీ లేదు. ఈ ఇంటాయనతో చెప్పండి."

పరిగెత్తాను. తిరిగి వచ్చి నేనూ గూళ్ళకే చెప్పాను: "పాలు దించానని చెప్పండి. అడుగు మాడిందని కూడా చెప్పండి."

"మాడ్చినవాళ్ళే తోముకుంటారని చెప్పండి" అన్నారు ఆవిడ.

అలా మాకు ఐదువందలమంది మధ్యవర్తులు దొరికారు. ఒక్కరూ విసుక్కోలేదు. ఉప్పు సంగతి, కరెంటు సంగతి, మరదలికి ఆడపిల్ల పుట్టిన సంగతి అన్నీ వాటి ద్వారానే నడిచాయి. "పిల్ల ఎవరి పోలికో కనుక్కోండి" అన్నాను. "మా పోలికే. ఇంకెవరి పోలికైనా అయితే పాపం" అని సమాధానం వచ్చింది.

ఎనిమిదో రోజున చలి ముదిరింది. వీధి కుళాయికి మంచు గడ్డకట్టింది. పైన గదుల కప్పు పలచన. మా అత్తగారి గదిలో కిటికీ పక్కన పెట్టిన గ్లాసు నీళ్ళ మీద తెల్లారేసరికి పొర కట్టింది. పైన ఇంకో హీటరు పెడదామంటే ఇంట్లో కరెంటు తీగ పాతది. రెండో హీటరు వేయగానే ఫ్యూజు పోయి, ఇల్లంతా చీకటి. తీగ మార్చేవాడు చలి తగ్గాక వస్తానన్నాడు. నడిచే ఆ ఒక్క హీటరు పైకి పట్టుకుపోతే కర్రల గది ఏమవుతుందో నాకు తెలుసు. నేను మాట ఇచ్చింది ముప్పై ఎనిమిది మందికి.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఒక టోపీ, సూది, దారం పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు. రెండు శాలువలు కప్పుకున్నారు. దగ్గు మెట్ల మీద నుంచే వినపడింది.

"కర్రలూ, సూదిలో దారం ఎక్కించగలవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?"

నలభై ఏళ్ళు సూది పట్టిన చేయి అది. వేళ్ళ చివరలు నీలంగా ఉన్నాయి, వంగడం లేదు. నేను దారం ఎక్కించి గూటి అంచున పెట్టాను. ఆవిడ తీసుకున్నారు. సూది కిందపడింది. మళ్ళీ నేనే తీసి ఇచ్చాను.

సాయంత్రం మా ఆవిడకు ఫోను చేశాను. "మీ అమ్మను కింద గదిలో పడుకోమని చెప్పు."

"మీరు చెప్పండి."

"నేను చెప్తే వింటారా?"

"నేను చెప్తే మాత్రం? ఊరికే ఏదైనా ఇస్తే అమ్మ పుచ్చుకోదు. మీకు బేరాలు తెలుసుగా, ఆలోచించుకోండి" అని పెట్టేసింది.

మర్నాడు ఉదయమే కర్రలతో మాట కదిపాను. "చలి తగ్గేదాకా ఈ గదిలో మంచం వేస్తే బాగుంటుందేమో అడగండి."

"పరాయివాళ్ళ సామాను మధ్య నాకు పనేమిటని చెప్పండి. నేను పైన బాగానే ఉన్నానని చెప్పండి" అని, ఆ చెప్పడంలోనే మూడుసార్లు దగ్గారు.

పనేమిటి అన్నారు. అంటే పని ఉంటే వస్తారు. సరుకు వద్దన్నవాడికి సరుకు అమ్మకూడదు, వాడికి కావలసిన మరొకటి అమ్మాలి. నేను గొంతు తగ్గించి, కర్రలకు రహస్యం చెప్తున్నట్టుగా అన్నాను: "గదిలో ఎలుకలు పడ్డాయి. రబ్బరు పిడులంటే వాటికి ప్రాణం. ఒక్కటి కొరికినా నా మాట పోతుంది. నాకు పడుకుంటే మెలకువ రాదు. ఆకు కదిలినా మేలుకునే మనిషి ఎవరైనా ఇక్కడ పడుకుంటే..."

ఆవిడ గూళ్ళను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశారు.

"కాపలా అయితే సరేనని చెప్పండి" అన్నారు.

గంటలో మంచం, పరుపు, కుట్టుమిషను, మందుల డబ్బా, నీళ్ళు కాచుకునే కెటిలు అన్నీ కిందికి వచ్చాయి. మర్నాడు పొద్దున ఆవిడ పెదవులకు రంగు వచ్చింది. నా పాచిక పారిందనుకున్నాను.

అబద్ధం ఆడటం తేలిక, దాన్ని మేపడం కష్టం. మా అత్తగారు పని ఒప్పుకున్నాక దాన్ని ఊరికే వదిలే రకం కాదు. రోజూ పొద్దున కర్రలకు నివేదిక ఇచ్చేవారు. "నిన్న ఎలుకలు రాలేదని చెప్పండి." మర్నాడు, "ఇవాళా రాలేదు. మూల మూలా వెతికాను, కన్నం లేదు, పెంటిక లేదు. ఏ దారిన వస్తున్నాయో అడగండి." మూడో రోజు, "పని లేని కాపలా నాకెందుకు? పైకి పోతానని చెప్పండి" అన్నారు.

ఎలుక అర్జెంటుగా రావాలి. గదిలో ఒక మూల ఎవరిదీ కాని పాత కర్ర ఒకటి ఉంది, కొట్టు షట్టరు కిందికి లాగడానికి వాడతాను. ఆవిడ వంటింట్లో ఉండగా కత్తెర తీసుకుని దాని పిడి మీద రబ్బరును వంకరగా నాలుగు చోట్ల కత్తిరించాను. ముక్కలు కింద చల్లాను. చేతులు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు కొట్టులో కూర్చున్నాను.

మధ్యాహ్నం పిలుపు వచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఆ కర్రను వెలుతురుకు తిప్పి, తెగిన అంచు మీద వేలు నెమ్మదిగా జరిపి చూస్తున్నారు. బట్ట నాణ్యం చూసినట్టు చూశారు.

"ఎలుకే" అన్నారు చివరికి. "పళ్ళు గట్టివని చెప్పండి."

"పైకి పోతారా అని అడగండి."

"ఎలుక ఉండగా ఎలా పోతారని అడగండి" అని, ఆ కర్రను తలుపు పక్కన మేకుకు తగిలించారు.

ఒక చిక్కు తీరితే ఇంకొకటి వచ్చింది. మనిషికి మంచిది కర్రకు మంచిది కాదు. పొడిగాలికి ఆవిడ దగ్గు హెచ్చుతుంది, అందుకని హీటరు మీద కెటిలు సన్నగా ఆవిరి వదులుతూ ఉండాలి. ఆ ఆవిరికి గోడ మీది ముల్లు పచ్చగీత దాటి కూర్చుంది. కెటిలు వద్దని నేను చెప్పలేను. ముల్లును వెనక్కి తిప్పలేను. మిగిలిన దారి ఒక్కటే. రోజూ ఆవిడ వంటింట్లో ఉన్న రెండు గంటలూ తలుపు వేసుకుని, టోపీలు తీసి, ఐదువందల తలలూ పొడిగుడ్డతో తుడిచి, నూనె రాసి, మళ్ళీ టోపీలు వేసేవాణ్ణి. మూడో రోజుకు చేతులు చెక్కబారాయి. నాలుగో రోజు నూనె డబ్బా పక్కన మెత్తటి నూలు పీలికల దొంతర ఒకటి కనపడింది. అంచులు మడిచి కుట్టి ఉన్నాయి.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం పళ్ళ డాక్టరుగారు వచ్చారు. ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని పలకరించినట్టు, చలికాలంలో ఒకటి రెండుసార్లు వచ్చి తన సెట్టును పలకరించి పోవడం ఆయనకు అలవాటు. గదిలో మంచం, మిషను ముందు మా అత్తగారు కనపడేసరికి ఆగిపోయారు.

"ఏమ్మా, ఇక్కడ పడకేమిటి?"

"కాపలా బాబూ."

"దేనికి?"

ఆవిడ మిషను తొక్కుతూనే తల ఎత్తి నావైపు చూశారు. డాక్టరుగారూ నావైపు తిరిగారు.

"ఎలుకలకండీ" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. "ఎలుకలా? ఎలుకలున్న గదిలో మా కర్రలా? ఆరేళ్ళుగా అందరికీ నీ పేరే చెప్తున్నానయ్యా. నా సెట్టు ఇచ్చెయ్యి. సాయంత్రం మావాళ్ళంతా కలుస్తారు. తెలిసి కూడా వాళ్ళకు చెప్పకపోతే నాది తప్పవుతుంది."

కుడితిలో పడ్డ ఎలుక నేనే అయ్యాను. ఎలుకలు లేవండీ అని ఒక్క మాట అంటే చాలు, ముప్పై ఎనిమిది సెట్లూ గూళ్ళలోనే ఉంటాయి. కానీ ఆ మాట అన్న మరుక్షణం ఆరడుగుల దూరంలో కూర్చున్న మనిషి లేచి, పరుపు చుట్టుకుని, ఆ మంచుగడ్డ గదిలోకి ఎక్కిపోతుంది. జాలిపడి పెట్టింది ముట్టుకోదు. నేను ఆవిడ చేతులవైపు చూశాను. వేళ్ళు వంగుతున్నాయి. ఆ ఉదయం సూదిలో దారం తనే ఎక్కించుకున్నారు.

ఏ బేరంలోనూ నాకు అంతసేపు పట్టలేదు.

"ఉన్నాయండీ" అన్నాను. "మీ సెట్టు ఇప్పుడే సర్దిస్తాను."

సంచి తెచ్చి, తెల్ల టోపీలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. మూడో టోపీ దగ్గర మిషను చప్పుడు ఆగింది.

"డాక్టరుగారూ, ఆ తలుపు పక్కన కర్ర ఒకసారి చూడండి" అన్నారు మా అత్తగారు. "పంటిగాటు సంగతి మాకంటే మీకు బాగా తెలుసు."

ఆయన కర్ర తీసి, పిడిని కంటి దగ్గర పెట్టుకున్నారు. జేబులోంచి చిన్న దీపం తీసి వేసి చూశారు. "ఎలుక పన్ను గాడి పెడుతుంది. పక్కపక్కన రెండు. ఇది ఒక్కటే కోత. ఇది పన్ను కాదే."

"కత్తెర. నా పెద్ద కత్తెర. కోత మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది చూడండి. పోయినేడు ఆ కత్తెరతో రేకు కత్తిరించి ఆ నొక్కు పెట్టింది మా అల్లుడే."

నా చేతిలోని టోపీ జారి కిందపడింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో నేను "మీ ఆయన"ని, ఈమధ్య "ఇంటాయన"ని. అల్లుణ్ణి ఎప్పుడూ కాలేదు.

"ఎలుకలు లేవు, ఏమీ లేవు" అన్నారు ఆవిడ. "పైన నాకు చలి. ఊరికే పడుకోమంటే వినని మొండిదాన్ని. అందుకని ఈ ఎలుకను పుట్టించాడు. మీ కర్రలకు వచ్చిన లోటు లేదు. రోజూ తలుపేసుకుని అన్నీ తుడుస్తున్నాడు. కావాలంటే విప్పి చూసుకోండి."

డాక్టరుగారు నన్ను చూశారు, ఆవిడను చూశారు. "అయితే ఇది కత్తెరని తెలిసే ఇన్నాళ్ళూ కాపలా కాశారా?"

"చూసిన రోజే తెలిసింది."

"మరి?"

"వెచ్చగా ఉంది" అన్నారు ఆవిడ.

ఆయన నవ్వు మొదలుపెడితే ఆగలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు గానీ, ఎలుకను పట్టడానికి అత్తగారిని పెట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నారు. తీసిన మూడు టోపీలూ తనే మళ్ళీ తొడిగారు. సాయంత్రం తనవాళ్ళతో ఏం చెప్తారని అడిగాను. "నీ గదిలో కర్రలే కాదు, మనుషులు కూడా పాడవకుండా ఉంటారని చెప్తాను" అని వెళ్ళిపోయారు.

గదిలో ఇద్దరం మిగిలాం. మామూలుగా అయితే ఆవిడ గూళ్ళవైపు తిరగాలి. తిరగలేదు.

"నాయనా" అన్నారు.

"అత్తయ్యగారూ."

"ఇంకోసారి ఎలుకను చేయాలంటే కత్తెర వాడకు. ఆకురాయి అంచుతో పక్కపక్కన రెండు గాట్లు పెట్టు. అదీ కుట్టుపనిదాని ముందూ పళ్ళ డాక్టరు ముందూ పెట్టకు."

"అలాగే."

ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి వేశారు. "ముప్పై ఎనిమిది సెట్లూ పోయేవి. నువ్వు లెక్క వేయకుండా ఏదీ చేయవు. ఏం లెక్క వేశావు?"

"వేళ్ళు మడిచానండీ. మీ దగ్గరే మొదలైంది."

"గదుల ముందా, తర్వాతా?"

"ముందే."

"ఊఁ" అన్నారు. "ఆ మాట అప్పుడే అని ఉంటే పదకొండేళ్ళు కలిసొచ్చేవి." తర్వాత గొంతు మార్చి, "కెటిలు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టు. నీ ముల్లు గీత దాటడం నాకూ కనపడుతుంది. దగ్గు తగ్గింది" అన్నారు.

"ఇంకో రెండు రోజులు ఉండనివ్వండి. నేను తుడుచుకుంటాను."

"చెప్పింది చెయ్యవయ్యా."

"ఉండనివ్వండంటే."

మా ఆవిడ తిరిగి వచ్చేసరికి మేము అదే కెటిలు మీద ఇంకా వాదించుకుంటున్నాం. సంచి భుజం మీదే ఉంచుకుని గుమ్మంలో నిలబడి విన్నది. "ఇరవై రోజులు లేకపోతే నా ఉద్యోగం పోయిందన్నమాట" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు తుడుచుకుంది.

మైదానం తెరిచారు. ముప్పై ఎనిమిది సెట్లూ ఇచ్చినట్టే తిరిగిచ్చాను. ఒక్క డాక్టరుగారి ఇనుప తల మీద మాత్రం నువ్వుగింజంత తుప్పు కనపడింది. దాచకుండా చూపించాను. "పుచ్చు కాదుగా, పోనీ" అన్నారు. అది నేను గోకి తీసేశాను. తీగ మార్చేవాడూ వచ్చాడు, పైగదికి హీటరూ వచ్చింది. అయినా మా అత్తగారి మంచం కింద గదిలోనే ఉంది. పైన మెట్లు ఎక్కువన్నారు.

ఇక చివరి లెక్క. పోయినవి: పాత పిడి ఒకటి, నూనె రెండు డబ్బాలు, రోజుకు రెండు గంటల చొప్పున తుడిచిన శ్రమ, ఆరేళ్ళుగా నేను చాలా తెలివైనవాణ్ణి అనుకున్న నమ్మకం. వచ్చినవి ఎక్కువ లేవు. నిన్న ఆ పాత కర్ర మేకు మీద నుంచి తీసి, కొత్త పిడి వేస్తానన్నాను. "ఉండనీ నాయనా, మన ఎలుక కదా" అన్నారు మా అత్తగారు. కర్రలతో కాదు, నాతో. నా చేతికి మిగిలింది ఆ మాట.